రెండో వైపు తిప్పని రికార్డులు

(పాత రికార్డులు వినే మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసినది.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. ఈ మైకుని కాస్త దూరం పెట్టుకుంటాను, లేకపోతే నా ఆయాసం కూడా మీరు వినాల్సి వస్తుంది.

ఇవాళ ఈ సంచిలో ఐదు రికార్డులు తెచ్చాను. అన్నీ బ్రిటన్‌వే. అన్నీ 1977కీ 1983కీ మధ్య వచ్చినవే. ఆ దూకుడు రాక్ సంగీతాన్ని పంక్ అనండి, న్యూ వేవ్ అనండి, మీ ఇష్టం. ఈ రెంటికీ తేడా ఏమిటని మాత్రం నన్ను అడక్కండి. పంక్ అన్న మాట వింటే రేడియోవాళ్లు జడుసుకుంటున్నారని, అదే సరుకుని కొంచెం ఇస్త్రీ చేసి న్యూ వేవ్ అని అమ్మారంటారు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ కుర్రాళ్లు రెండు మూడేళ్లలో నిజంగానే వాయించడం నేర్చేసుకున్నారు. నేర్చుకున్నాక పాత పాటే వాయిస్తూ కూర్చోవాలంటే ఎవరికైనా విసుగేగా?

నన్ను మాట్లాడమన్న విషయం, అండర్‌రేటెడ్ ఆల్బమ్‌లు. ఈ మాటని మనం చాలా చవగ్గా వాడేస్తున్నామండీ. ఫ్లాపైన ప్రతి సినిమాకీ పదేళ్ల తరవాత ఎవరో ఒకరు వచ్చి ‘కల్ట్’ అని బోర్డు తగిలిస్తారు. అప్పుడు చూడని మనదే తప్పంటారు. నిజంగా మనదేనా? కొన్ని సినిమాలు బాగుండకే పోయాయి కదా? అందుకని నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఈ రికార్డు ఎందుకు మరుగున పడింది? కారణం రికార్డు లోపల ఉందా, బయట ఉందా? లోపల ఉంటే దాన్ని వదిలేద్దాం. బయట ఉంటే మాత్రం, మనం దానికి ఒక సాయంత్రం బాకీ.

ముందు లోపల కారణం ఉన్నదాన్ని తీస్తాను. ద డామ్‌డ్ అనే బ్యాండ్. బ్రిటిష్ పంక్‌లో మొదటి సింగిల్, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డు, వీళ్లదే, 1976 అక్టోబరులో. మొదటి ఆల్బం కూడా వీళ్లదే, 1977 ఫిబ్రవరిలో. పంక్ అనగానే అందరూ చెప్పే సెక్స్ పిస్టల్స్ బ్యాండ్ కంటే ముందు. మరి అదే ఏడాది నవంబరులో రెండో ఆల్బం తెచ్చేశారు, ‘మ్యూజిక్ ఫర్ ప్లెజర్’ అని. దీని కథ తమాషాగా ఉంటుంది. పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్‌లో మొదట్లో ఉండి, తరవాత లోకానికి దూరంగా వెళ్లిపోయిన సిడ్ బారెట్ చేత ప్రొడ్యూస్ చేయించాలని వీళ్ల కోరిక. దొరికిందెవరు? అదే బ్యాండులో డ్రమ్స్ వాయించే నిక్ మేసన్. పెళ్లికి సన్నాయి మాట్లాడుకుందామని వెళ్తే, బ్యాంకులో పనిచేసే ఆయన తమ్ముడు వచ్చి కూర్చున్నట్టు. మేసన్ మంచి డ్రమ్మరే, నేను కాదనను. కానీ మూడు నిమిషాల్లో తలుపు బద్దలుకొట్టి పారిపోయే పాటలకి ఆయన చెయ్యి కుదరలేదు.

ఈ ఆల్బం చార్టులో, అంటే అమ్మకాల జాబితాలో, ఎక్కలేదు. కొన్ని నెలలకే బ్యాండ్ విడిపోయింది. ఇప్పుడు కొంతమంది ‘అబ్బే, ఇది మరుగునపడ్డ మాణిక్యం’ అంటున్నారు. నేను నాలుగైదుసార్లు కూర్చుని విన్నాను. ఒక పాటలో లాల్ కాక్స్‌హిల్ అనే జాజ్ విద్వాంసుడు శాక్సఫోన్‌తో వచ్చి అల్లరి చేస్తాడు, అది బాగుంటుంది. మిగతాది పాటలు చాలక హడావుడిగా నింపిన రికార్డు. అంతే. జనం తీర్పు సరిగ్గానే ఉంది. దీన్ని సంచిలో పెట్టేస్తున్నాను.

రెండోది ద క్లాష్. ఈ పేరు వినని వాళ్లున్నారా? లేరు. మొదటి ఆల్బం 1977. ‘లండన్ కాలింగ్’ 1979 డిసెంబరు. ఆ రెండిటి మధ్య, 1978 నవంబరులో ‘గివ్ ఎమ్ ఎనఫ్ రోప్’ ఉంది. అక్కకీ చెల్లికీ మంచి సంబంధాలు కుదిరి, మధ్య పిల్ల గురించి ఎవరూ అడక్కపోతే ఎలా ఉంటుందో అలా ఉంది దీని పని. నిజానికి అప్పట్లో బాగానే అమ్మింది, బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. కానీ క్లాష్ అభిమానిని నిద్రలో లేపి అడగండి, ఈ పేరు చెప్పడు.

ఎందుకు? శాండీ పర్ల్‌మన్ అనే అమెరికన్ ప్రొడ్యూసర్ చేతిలో పెట్టారు. ఆయన బ్లూ ఆయిస్టర్ కల్ట్ లాంటి హార్డ్ రాక్ బ్యాండ్లకి చేసినవాడు. గిటార్లు దిట్టంగా, నున్నగా వినిపిస్తాయి. పంక్ పిల్లలకి ఆ నునుపు నచ్చలేదు, అమెరికాకి అమ్ముడుపోయారన్నారు. ఆ మాటకొస్తే వీళ్ల మొదటి ఆల్బంని అమెరికా కంపెనీ అప్పటికింకా విడుదలే చెయ్యలేదు. అక్కడివాళ్లకి మొదట దొరికింది ఇదే.

నా మాట వినండి. మొదటి పాట, ‘సేఫ్ యూరోపియన్ హోమ్’. జో స్ట్రమ్మర్, మిక్ జోన్స్ ఇద్దరూ రెగే అంటే ప్రాణం పెట్టేవాళ్లు, ఆ సంగీతం పుట్టిన జమైకాకి వెళ్లారు. వెళ్లి, భయపడి, హోటల్ దాటి బయటికి రాలేక తిరిగొచ్చారు. వచ్చి ఆ భయాన్నే పాట కట్టారు, తమ మీద తామే నవ్వుకుంటూ. వీధి పోరాట వీరులమని పేరు పడ్డవాళ్లు ఇలా రాయగలగడం చిన్న విషయమా? ఇంకోటి, డ్రమ్మర్ టాపర్ హెడన్‌కి వీళ్లతో ఇదే మొదటి ఆల్బం. ‘టామీ గన్’ మొదట్లో అతని స్నేర్ డ్రమ్ అచ్చం మెషీన్ గన్‌లా పేలుతుంది. ‘గన్స్ ఆన్ ద రూఫ్’ అని ఇంకో పాట ఉంది. పేరు చూసి విప్లవం అనుకునేరు. అసలు సంగతి, హెడనూ బేస్ గిటార్ వాయించే సైమనన్‌నూ కలిసి రిహార్సల్ హాలు డాబా ఎక్కి ఎయిర్‌గన్‌తో ఎవరివో పందెం పావురాలని కొట్టారు, పోలీసులొచ్చి పట్టుకెళ్లారు. ఆ కథే పాటకి మొదలు!

అయినా దీన్ని నేను పూర్తిగా గెలిపించలేను. మొదటి వైపు ఉన్న ఊపు రెండో వైపుకి సగమే మిగిలింది. కారణం సగం లోపల, సగం బయట. పక్కన పెడదాం.

ఇప్పుడు ఇది. చూడండి, అట్ట మూలలు నలిగిపోయాయి. ధర చీటీ ఊడదీస్తే కింద కాగితం కూడా లేచింది, ఇక్కడ తెల్లగా ఉంది చూశారా? లండన్‌లో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో, అడుగు డబ్బాలో దొరికింది. ద రట్స్ అనే బ్యాండ్, ‘ద క్రాక్’, 1979.

దీని గురించి చెప్పాలంటే ముందు నా కరివేపాకు గురించి చెప్పాలి. నవ్వకండి. నేను ఉద్యోగానికి వెళ్లి పశ్చిమ లండన్‌లో హౌన్స్‌లో అనేచోట ఉన్న రోజుల్లో, శనివారం వస్తే 120 నంబరు బస్సెక్కి సౌతాల్ వెళ్లేవాణ్ణి. పశ్చిమ లండన్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ తెలుసు ఆ ఊరు. స్టేషన్ బోర్డు మీద పంజాబీ అక్షరాలుంటాయి. మునక్కాయలు, కరివేపాకు, దోసకాయలు, అన్నీ దొరుకుతాయి. ప్రధాన రోడ్డు మీద టౌన్ హాల్ ఉంటుంది. రెండేళ్లపాటు ఆ టౌన్ హాల్ ముందు సంచులు పట్టుకుని నడిచాను. అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. చెప్పింది ఈ రికార్డు.

1979 ఏప్రిల్ 23. ఎన్నికల ముందు రోజులు. వలస వచ్చినవాళ్లని వెళ్లగొట్టాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ, ఏరి కోరి సౌతాల్ టౌన్ హాల్లో సభ పెట్టింది. సగం ఊరు మనవాళ్లే ఉన్నచోట! అంతకు మూడేళ్ల ముందే అదే ఊళ్లో గుర్‌దీప్ సింగ్ చగ్గర్ అనే పిల్లాణ్ణి పొడిచి చంపారు. ఊరు ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. పోలీసులు వేల సంఖ్యలో దిగారు. వందలమందిని అరెస్టు చేశారు. న్యూజీలాండ్ నుంచి వచ్చి లండన్‌లో పాఠాలు చెప్పుకునే బ్లెయిర్ పీచ్ అనే టీచరు, నిరసనలో పాల్గొని, తల మీద దెబ్బ తగిలి చనిపోయాడు. కొట్టింది పోలీసే అయి ఉండాలని రాసిన లోపలి విచారణ నివేదికని లండన్ పోలీసులు బయటపెట్టడానికి 2010 దాకా పట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్లు. ఇప్పుడు సౌతాల్‌లో ఆయన పేరుతో ప్రైమరీ స్కూలుంది.

అదే రోజు పోలీసులు పీపుల్ యునైట్ అనే ఇంట్లోకి కూడా జొరబడ్డారు. సంగీతం చేసుకునే పిల్లల అడ్డా అది. మిస్టీ ఇన్ రూట్స్ అనే రెగే బ్యాండ్‌ది. సామాన్లు పగలగొట్టారు. ఆ బ్యాండ్‌ మనిషి క్లారెన్స్ బేకర్‌కి పుర్రె చిట్లింది. మరి ఈ ద రట్స్‌కీ వాళ్లకీ ఏమిటి సంబంధం? ఉంది. ఈ తెల్లకుర్రాళ్ల మొదటి సింగిల్ వేసింది ఆ పీపుల్ యునైటే. ఇద్దరూ కలిసి జాతి వివక్షకి వ్యతిరేకంగా కచేరీలు చేసేవాళ్లు. పాడే మాల్కమ్ ఓవెన్, గిటార్ వాయించే పాల్ ఫాక్స్, ఇద్దరిదీ పక్కనే ఉన్న హేస్. హేస్ అంటే గుర్తొచ్చిందా? మన ఘంటసాల రికార్డుల మీద కుక్కబొమ్మ ఉంటుందే, ఆ కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ ఉన్న ఊరు.

క్లారెన్స్ బేకర్ గురించే ఈ ఆల్బంలో ‘జా వార్’ అనే పాట ఉంది. దాదాపు ఏడు నిమిషాలు. పంక్ బ్యాండ్ ఏడు నిమిషాల రెగే వాయించడం! అప్పట్లో చాలామంది రెగేని తాళింపులా పైన చల్లుకునేవాళ్లు. వీళ్లు అలా కాదు, రెగే వాళ్ల పక్కింట్లో పెరిగినవాళ్లు. సెగ్స్ బేస్ వినండి, ఎక్కడా తొందరపడడు. డేవ్ రఫీ డ్రమ్స్ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ వదులుతాడు. ఆ ఖాళీలోనే కోపమంతా ఉంటుంది. ఓవెన్ అరవడు. అరిచే గొంతున్నవాడు అరవకుండా పాడితే ఎలా ఉంటుందో తెలుసా? ఇంట్లో పెద్దాయన కోపం వచ్చి మెల్లగా మాట్లాడినట్టు.

‘ఎస్.యు.ఎస్.’ అని ఇంకో పాట. 1824 నాటి దేశదిమ్మరుల చట్టం పట్టుకుని, అనుమానం ఉందని చెప్పి పోలీసులు రోడ్డు మీద ఎవరినైనా పట్టుకెళ్లేవాళ్లు. ఎక్కువగా నల్లపిల్లల్ని. దాని మీద పాట. ఇక మొట్టమొదటి పాట ‘బాబిలాన్స్ బర్నింగ్’ చాలా పెద్ద హిట్టు, ఏడో స్థానం. ఊరు తగలబడుతోంది అంటాడు. దేంతో? పెట్రోలుతో కాదు, టెన్షన్‌తో. మీరు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నా పొగ వస్తుందన్నట్టు ఉంటుంది ఆ గిటారు.

మరి ఇంత బాగున్నది ఎందుకు మరుగున పడింది? అప్పుడు పడలేదు. పదహారో స్థానం దాకా వచ్చింది. తరవాత పడింది. 1980 జులైలో మాల్కమ్ ఓవెన్ హెరాయిన్‌తో చనిపోయాడు. మొదటి సింగిల్ రెండో వైపున హెరాయిన్ జోలికి పోవద్దని పాడింది కూడా అతనే. అతనితో చేసింది ఈ ఒక్క ఆల్బమే. మిగతావాళ్లు పేరు కొంచెం మార్చుకుని కొనసాగారు, కానీ ఆ బండి వేరే. పేరు నిలబడాలంటే రెండో ఆల్బం రావాలి, మూడోది రావాలి, విడిపోవాలి, పాతికేళ్ల తరవాత మళ్లీ కలవాలి. చరిత్ర రాసేవాళ్లకి ఒక కథ కావాలి కదా. వీళ్ల కథ మొదటి అధ్యాయంలోనే ఆగిపోయింది. ఇందులో రికార్డు చేసిన తప్పేముంది?

నా తప్పు కూడా ఒకటి చెప్పేస్తాను. కొన్న కొత్తలో నెలరోజులు మొదటి వైపే విన్నాను. హిట్టు అటే ఉంది కదా. ‘జా వార్’ రెండో వైపున ఉంది. తిప్పలేదు. తిప్పనంతకాలం ఆ టౌన్ హాల్ ముందు నుంచి కరివేపాకు తెచ్చుకుంటూనే ఉన్నాను.

ఏమిటమ్మా? ఆడవాళ్ల బ్యాండ్ ఒక్కటీ లేదా అంటున్నారు. న్యాయమే. ద స్లిట్స్ రెండో ఆల్బం తెద్దామనుకున్నాను, ‘రిటర్న్ ఆఫ్ ద జయింట్ స్లిట్స్’, 1981. నా కాపీ ఒక మిత్రుడు పట్టుకెళ్లాడు, ఇంకా తేలేదు. ఆయన ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. మొదటి ఆల్బం ‘కట్’ అట్ట మీద ఒంటికి బురద పూసుకుని నిలబడ్డ బొమ్మ అందరికీ గుర్తు. ఆ బొమ్మ రెండోదాన్ని మింగేసింది. ఆఫ్రికా లయలు, గిరగిరా తిరిగే గొంతులు, వినాల్సిన రికార్డు. తిరిగొచ్చాక ఇంకో రోజు దాని గురించే మాట్లాడతాను.

ఇప్పుడు ‘ద క్రాక్’కి పూర్తిగా ఎదురుగుణం ఉన్నది. ఎక్స్‌టీసీ అనే బ్యాండ్, ‘మమ్మర్’, 1983. వీళ్లది స్విండన్. మన కాజీపేట, గుంతకల్లు లాంటి రైల్వే ఊరు. 1840ల నుంచి అక్కడ రైలింజన్ల వర్క్‌షాప్ ఉండేది, 1986లో మూసేశారు. లండన్ పత్రికలవాళ్లకి స్విండన్ అంటే నవ్వులాట. ఆ నవ్వులాట వీళ్ల నెత్తిన ఎప్పుడూ ఉంది.

1982 మొదట్లో వీళ్లు పైకి వచ్చేశారు. ‘ఇంగ్లిష్ సెటిల్‌మెంట్’ అనే ఆల్బం ఐదో స్థానం, అందులో పాట ఒకటి టాప్ 10లో. ఆ మార్చిలో పారిస్‌లో కచేరీ. పాడేది, పాటలు రాసేది ఆండీ పార్ట్రిడ్జ్. స్టేజి ఎక్కాడు, పాట మొదలుపెట్టాడు, గిటారు దించేసి లోపలికి వెళ్లిపోయాడు. సభాకంపం. చిన్నప్పటి నుంచి వాడుతున్న మత్తుబిళ్లలు ఒక్కసారిగా మానేసిన మనిషి. కొన్నాళ్లకి అమెరికా టూర్ కూడా రద్దు. ఆ తరవాత వాళ్లు టూర్లకే వెళ్లలేదు. మైకు పట్టుకుని ఇలా నిలబడితే ఎలా ఉంటుందో నాకు ఇప్పుడు బాగా తెలుస్తోంది, నవ్వకండి.

అలా ఇంట్లో కూర్చుని, పెరట్లో కూర్చుని రాసిన పాటలు ‘మమ్మర్’. మమ్మర్లంటే ఇంగ్లండ్ పల్లెల్లో పండగపూట వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరిగి ఆడేవాళ్లు. మన పగటివేషగాళ్లే అనుకోండి. స్టేజి అంటే భయపడి ఇంట్లో కూర్చున్నవాడు ఆల్బంకి పెట్టుకున్న పేరు అది! మొదటి పాట ‘బీటింగ్ ఆఫ్ హార్ట్స్’లో కింద ఒకే స్వరం తంబురాలా మోగుతూ ఉంటుంది, నా చెవికి అది మన ఇంటి చప్పుడే. మూడోది ‘లవ్ ఆన్ ఎ ఫామ్‌బాయ్స్ వేజెస్’. పాలేరు జీతం మీద ప్రేమ. చేతిలో డబ్బు లేదు, పిల్లని సుఖపెట్టాలని ఉంది. మామూలు గిటార్లు, మెత్తటి చరుపులు. ఈ పాట రిహార్సల్లోనే డ్రమ్మర్ టెర్రీ ఛేంబర్స్ ఇక చాలని లేచిపోయాడు. అతనిది సుత్తిదెబ్బ చెయ్యి. కచేరీలు లేవు, వాయించాల్సిందేమో ఇలా గుడ్డతో తుడిచినట్టు. అతని బాధ కూడా బాధే కదా?

ఇది 51వ స్థానంలో ఆగిపోయింది. కచేరీలు చెయ్యని బ్యాండ్‌ని ఎలా అమ్మాలో కంపెనీకి తెలియలేదు, ఆల్బంని ఆలస్యం చేసింది. ఆఖరి పాటలో పార్ట్రిడ్జ్ సంగీత వ్యాపారాన్నే పట్టుకుని దులిపేశాడు. లోపాలు లేవా? ఉన్నాయి. రెండో వైపు మొదటి పాట ‘హ్యూమన్ ఆల్కెమీ’ బానిస వ్యాపారం మీద. విషయం గొప్పది, పాట కాళ్లీడుస్తుంది. కానీ దాన్ని దాటుకుని వెళ్తే ‘లేడీబర్డ్’ ఉంది. పిల్లలు నిద్రపోయాక, ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేనప్పుడు వినండి.

‘ద క్రాక్’ని గట్టిగా, పదిమందితో వినాలి. ‘మమ్మర్’ ఒక్కరే వినాలి. ఒకటి వీధి, ఒకటి పెరడు. ఈ రెంటినీ తూచి ఒకటి ఎక్కువనమంటే నాకు చేతకాదు, కానీ మీరు వదిలిపెట్టరు కాబట్టి చెబుతాను. ‘ద క్రాక్’.

చివరిది త్వరగా చెప్పేస్తాను, టైమైపోతోంది. ద సౌండ్, ‘ఫ్రమ్ ద లయన్స్ మౌత్’, 1981. అట్ట మీద పాత పెయింటింగ్, బైబిల్ కథలో సింహాల బోనులో ఉన్న దానియేలు. దక్షిణ లండన్ కుర్రాళ్లు, పాడేది ఏడ్రియన్ బోర్లండ్. వీళ్లున్న కొరోవా అనే కంపెనీలోనే ఎకో అండ్ ద బన్నీమెన్ కూడా ఉండేవాళ్లు. వాళ్ల ఆల్బం అదే ఏడాది పదో స్థానానికి వెళ్లింది. వీళ్లది టాప్ 100లోకే రాలేదు. ఆ రెండు రికార్డులూ పేర్లు చెప్పకుండా వేస్తే, ఏది పదో స్థానమో మీరు చెప్పలేరు. నేను ఇంట్లో వేసి చూశాను, మా అబ్బాయి తప్పు చెప్పాడు. మొదటి పాట ‘విన్నింగ్’. ఓడిపోతున్నవాడు గెలుస్తానని తనకి తాను చెప్పుకునే పాట. తరవాతి ఆల్బం కాస్త అమ్ముడుపోయేలా చెయ్యమన్నారు కంపెనీవాళ్లు. వీళ్లు మొండికేసి ఇంకా చిక్కటిది చేశారు. బోర్లండ్ 1999లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ పాట ఇప్పుడు వేరేలా వినిపిస్తుంది, ఏం చేస్తాం.

కాబట్టి నా లెక్క ఇదీ. ఐదిట్లో గొప్పది ‘ద క్రాక్’. అన్యాయం ఎక్కువ జరిగింది ‘లయన్స్ మౌత్’కి. ఈ రెండూ వేరువేరు మాటలు, కలిపి రాయకండి. వెనక బాబు రాసుకుంటున్నాడు, అందుకని చెబుతున్నాను.

ఇక మాటలు చాలు. ఆ ట్యూబ్‌లైటు స్విచ్ ఎవరికి దగ్గర? ఒకటి ఆర్పండి చాలు, రెండోది ఉండనివ్వండి, నాకు గీతలు కనపడాలి. ‘ద క్రాక్’ రెండో వైపు వేస్తున్నాను, రెండో పాట. మొదట్లోనే రెండుసార్లు టక్ టక్ అంటుంది, అది పాటలోది కాదు, నా కాపీ గీత. కంగారు పడకండి.